ఇంజంక్షన్ ఇస్తారా, ఇవ్వరా?

మీకంటే ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు.

నేలపాడు హైకోర్టులో జూనియర్ సివిల్ జడ్జి ఇంటర్వ్యూలు. హాల్లో వరసగా కుర్చీలు, వాటి నిండా మీ వయసువాళ్లే. అందరివీ మడత నలగని తెల్లబట్టలు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఫోన్లు బయటే ఇప్పించేశారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలలన్నీ అటు తిరుగుతున్నాయి. బయటికొచ్చినవాళ్ల మొహం చూసి ఏం తెలుసుకోవాలో తెలియదు. అయినా చూస్తున్నారు.

తెల్లవారుజామున మూడింటికే నల్లజర్లలో లేచారు. నాన్న కారు మాట్లాడి పెట్టారు. గుండుగొలను దగ్గర మంచు, ఏలూరు బైపాస్ మీద చేపల లారీలు, హనుమాన్ జంక్షన్‌లో ఒక టీ. ప్రకాశం బ్యారేజీ మీదికి వచ్చేసరికి తెల్లారింది. దారంతా ఒక్క ముక్క చదవలేదు. చదవబోతే కళ్లు తిరిగాయి.

ఇప్పుడు ఒళ్లో ఫైలుంది. పైనుంచి రెండో కాగితం మీద వేలు పెట్టి చూసుకోండి. ఉంది. మూడేళ్లు ప్రాక్టీసు చేశారని రాసిన సర్టిఫికెట్ అది. పదేళ్ల అనుభవం దాటిన అడ్వకేటు సంతకం, దాని కింద న్యాయాధికారి ధ్రువీకరణ. ఈ కాగితం లేకపోతే ఈ కుర్చీ లేదు. 2002 తర్వాత చాలా ఏళ్లు లా పట్టా చేతికొచ్చిన మర్నాడే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసే వీలుండేది. 2025 మే 20న సుప్రీంకోర్టులో జస్టిస్ గవాయ్ ధర్మాసనం ఆ తలుపు మూసింది. కోర్టు మెట్లు ఎక్కనివాళ్లు కోర్టు నడపలేరంది. జడ్జీల దగ్గర లా క్లర్కుగా పనిచేసిన కాలాన్ని కూడా ఆ మూడేళ్లలో కలుపుకోవచ్చు.

నియమం మంచిదేనని నా నమ్మకం. కాకపోతే ఆ మూడేళ్లూ తాడేపల్లిగూడెంలో గది అద్దె ఎవరు కట్టారో, సీనియర్ చేతిలో పెట్టే డబ్బులు బస్సు ఖర్చుకి చాలాయో లేదో తీర్పులో ఉండదు. మీ విషయంలో కట్టింది నాన్న. రెండెకరాల ఆయిల్ పామ్ గెలల డబ్బు ఈ ఫైలులో ఉంది. అది మీకు తెలుసు. అందుకే వేలు ఇంకా ఆ కాగితం మీదే ఉంది.

పక్క కుర్చీలో ఒకరు పెదాలు కదుపుతూ సెక్షన్లు వల్లె వేస్తున్నారు. 302 అంటే 103. 438 అంటే 482. 167 అంటే 187. 2024 జులై 1న మూడు పాత క్రిమినల్ చట్టాలు పోయి మూడు కొత్తవి వచ్చాయి. అప్పటినుంచి లా చదివిన ప్రతి బుర్రలోనూ ఇలా రెండు వరసల పట్టిక తిరుగుతోంది. వింటున్నకొద్దీ మీకు ఒక్కటీ గుర్తులేనట్టు అనిపిస్తుంది. ఆ పట్టిక ఒక్కసారి ఇవ్వమని అడగాలా?

అడగొద్దు. ఈ పది నిమిషాల్లో ఎక్కేదేమీ లేదు, ఉన్నది చెదిరిపోవడం తప్ప. మీ ఫైల్లో అడుగున ఉన్న మీ దరఖాస్తు నకలు పైకి తీయండి. మీ పేరు, ఊరు, కాలేజీ, ఎన్‌రోల్‌మెంట్ తేదీ, ప్రాక్టీసు చేసిన కోర్టులు. లోపల టేబుల్ మీద వాళ్ల ముందు ఉన్నది ఇదే కాగితం. మొదటి ప్రశ్న దీన్లోంచే వస్తుంది. మీరు రాసిన ప్రతి మాట వెనక ఇంకో ప్రశ్నకి చోటుంది. ఎక్కడైనా కాస్త పెంచి రాశారా? ఉంటే ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

బెల్లు. ఒకరు లోపలికి వెళ్లారు.

రాతపరీక్షలో మూడు పేపర్లు రాసి వచ్చారు. సివిల్, క్రిమినల్, ఇంగ్లీషు, కలిపి 300. ఈ గది చేతిలో 50. కాసేపు మాట్లాడినదానికి 50 మార్కులా అని ఎవరికైనా అనిపిస్తుంది. కోర్టులకీ అనిపించింది. 1980లో అజయ్ హాసియా కేసులో, శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ సీట్లకి మౌఖిక పరీక్ష మార్కులు మొత్తంలో మూడోవంతు పెట్టారని, పిల్లల్ని రెండు మూడు నిమిషాల్లో పంపించేశారని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మరుసటి ఏడాది లీలాధర్ కేసులో మాత్రం, రాజస్థాన్ మున్సిఫు ఉద్యోగాలకి నాలుగోవంతు పెట్టినా ఫర్వాలేదంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. కాలేజీ సీటుకొచ్చిన పిల్లవాణ్ని చూసే తీరు వేరు, రేపు జడ్జీగా కూర్చోబోయే ఎదిగిన మనిషిని చూసే తీరు వేరు. రాతలో చదువు తెలుస్తుంది, మనిషి తెలియాలంటే ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాలి. లోపల జరిగేది అదే.

మళ్లీ బెల్లు. మీ పేరు.

లేవండి. మోకాళ్లలో బలం లేనట్టుంటుంది. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. తలుపు తోసి, అనుమతి అడిగి, లోపలికి వెళ్లండి. అర్ధచంద్రంలా టేబుల్. అవతల హైకోర్టు న్యాయమూర్తులు. మీరు ఇన్నాళ్లూ తీర్పుల పైన పేర్లుగా చదివినవాళ్లు. ఇవతల ఒకే కుర్చీ. అందరికీ కలిపి ఒక నమస్కారం. చెప్పేదాకా కూర్చోకండి.

"కూర్చోండి."

ఫైలు ఒళ్లో పెట్టుకోండి. టేబుల్ మీద కాదు. ప్రశ్నలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి, మధ్యమధ్య తెలుగులోకి దొర్లుతాయి. వాళ్లు ఏ భాషలో అడిగితే ఆ భాషలో చెప్పండి.

"నల్లజర్ల. ఏ జిల్లా?" మధ్యలో ఉన్న పెద్దాయన అడుగుతారు.

మీ నోటిదాకా పశ్చిమ గోదావరి అని వస్తుంది. పుట్టినప్పటినుంచీ అలవాటైన మాట. ఒక్క క్షణం ఆగండి. "2022 ఏప్రిల్ 4కి ముందు పశ్చిమ గోదావరి సార్. ఇప్పుడు తూర్పు గోదావరి."

"అయితే మీ ఊరి దావాలు ఇప్పుడు రాజమండ్రి కోర్టుకి పోతాయా?"

తేలిక ప్రశ్నలాగే ఉంది. కాదు. "రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన కోర్టు పరిధి దానంతటది మారదు సార్. సివిల్ కోర్టుల చట్టం, 1972 కింద హైకోర్టును సంప్రదించి ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే మారుతుంది."

పెద్దాయన తలూపలేదు. ఏమీ అనలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. అది చూసి కంగారు పడకండి. తలూపకూడదని వాళ్ల నియమం. కోర్టు హాల్లో మీ సీనియర్ వాదిస్తున్నప్పుడు కూడా ఏ జడ్జీ తలూపలేదు కదా.

ఎడమవైపు మేడమ్ అందుకుంటారు. "జడ్జి ఎందుకవుదామనుకుంటున్నారు?"

దీనికి మీరు ఒక పేరా కంఠస్థం చేసి వచ్చారు. న్యాయవ్యవస్థకి సేవ, సమాజం, రాజ్యాంగ విలువలు. నాలుక మీదే ఉంది. ఇవాళ పొద్దుటినుంచి ఆవిడ ఆ పేరా ఎన్నిసార్లు విన్నారో ఆలోచించండి. మింగేయండి. నిజంగా ఏం చూసి అనుకున్నారో అది చెప్పండి.

"తాడేపల్లిగూడెం కోర్టులో మనోవర్తి కేసుకి ఒక ముసలావిడ వచ్చేది మేడమ్. ప్రతి వాయిదాకీ హాలు బయట నిలబడి, తర్వాత తేదీ ఎప్పుడని కనపడ్డవాళ్లనల్లా అడిగేది. ఒకరోజు జడ్జిగారు ఆవిణ్ని ముందుకి పిలిచి, తేదీ ఆయనే చెప్పి, చీటీ మీద రాయించి ఇచ్చారు. ఆ తర్వాత ఆవిడ ఎవర్నీ అడగలేదు. ఆ కుర్చీలోంచి అంత పని చేయొచ్చని అప్పుడే తెలిసింది."

మీరు చూసింది ఇంకోటి కావచ్చు. ఏదైనా సరే, కళ్లతో చూసిందై ఉండాలి. చూసినదాన్ని చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. ఎదుటివాళ్లు అది పట్టుకుంటారు. ముప్పై ఏళ్లుగా సాక్షుల్ని వింటున్నవాళ్లు.

"మూడేళ్లు ప్రాక్టీసు అన్నారు," కుడి చివర నుంచి ఇంకో గొంతు. "సొంతంగా ఎన్ని కేసులు నడిపారు?"

ఇదీ మొదటి గొయ్యి. పెద్ద అంకె చెప్పాలనిపిస్తుంది. చెప్తే తర్వాతి ప్రశ్న ఏమిటో ఊహించండి. "సొంతంగా నడిపినవి తక్కువ సార్. చీఫ్ అఫిడవిట్లు, కౌంటర్లు చాలా రాశాను. క్రాస్ రెండు కేసుల్లో చేశాను."

"ఒకటి చెప్పండి."

"ప్రాంసరీ నోటు దావా సార్. మేం ప్రతివాది తరఫు. సంతకం మాదే, డబ్బు మాత్రం ముట్టలేదని మా వాదన."

"సంతకం ఒప్పుకున్నాక మీకింకేం మిగిలింది?"

"నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 కింద ప్రతిఫలం ముట్టినట్టే కోర్టు ముందు అనుకుంటుంది సార్. కాదని చూపించాల్సింది మేమే. మా సాక్షులతోనే చూపించక్కర్లేదు, వాది సాక్షుల నోటినుంచి వచ్చినదాంతోనైనా చూపించొచ్చు. అందుకని నోటు మీద సాక్షి సంతకం పెట్టినాయన్ని అడిగాను. నోటు ఎవరింట్లో రాశారు, డబ్బు ఏ నోట్లలో ఇచ్చారు, లెక్కపెట్టింది ఎవరు అని."

"ఏమన్నాడు?"

"వాది ఇంట్లో అన్నాడు సార్. వాది అంతకుముందే బ్యాంకు దగ్గర అని చెప్పి ఉన్నాడు."

"గెలిచారా?"

"లేదు సార్. అప్పీల్లో ఉంది."

చూశారా, మేడమ్ పెన్ను కింద పెట్టి మీవైపు చూస్తున్నారు. ఓడిన కేసు చెప్పినందుకు మార్కులేం పోవు. ఆ క్రాస్‌లో మీరు నిజంగా నిలబడ్డారని ఇప్పుడు వాళ్లకి తెలుసు. కోర్టుకి రోజూ వెళ్తూ డైరీ రాసుకోని జూనియర్లు నాకు చాలామంది తెలుసు. ఈ నిమిషంలో వాళ్లకి ఏమీ గుర్తురాదు. లా చదువుతూ ఇది చదివేవాళ్లుంటే ఇవాళే ఒక డైరీ కొనండి. పేర్లు రాయకండి. ఏం అడిగారు, జడ్జి ఏమన్నారు, మీరైతే ఏం చేసేవారు, అంతే.

"ట్రయల్ ఇన్ ఆబ్సెన్షియా. ఏ సెక్షన్?"

కొత్త కోడ్ బీఎన్ఎస్ఎస్‌లో ఉంది. పాత కోడ్‌లో ఈ రూపంలో లేదు. మూడు వందల యాభై... యాభై ఎంత? బయట పట్టిక వల్లె వేస్తున్నవాళ్ల గొంతు చెవిలో తిరుగుతోంది. మూడు దారులున్నాయి. ఏదో ఒక నంబరు కొట్టేయొచ్చు. తల దించుకుని మౌనంగా ఉండొచ్చు. లేదా తెలియనిది తెలియదని చెప్పి, తెలిసింది చెప్పొచ్చు.

"నంబరు గుర్తులేదు సార్. నియమం చెప్పగలను. ప్రకటిత నేరస్థుడు విచారణ తప్పించుకోవడానికి పారిపోయి, వెంటనే దొరికే అవకాశం లేకపోతే, అతను లేకుండానే విచారణ జరపొచ్చు. అభియోగం నమోదైన నాటినుంచి 90 రోజులు గడవాలి. అతనికి అడ్వకేటు లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో పెట్టాలి."

"356," అంటారు ఆయన. అంతే. తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. మీరూ వెళ్లిపోండి. ఆ 356ని పట్టుకుని వెనకే ఉండిపోతే రాబోయేదాన్ని సగమే వింటారు.

రాబోయేదే అసలుది.

పెద్దాయన కుర్చీలో కాస్త ముందుకి వంగుతారు. "మీవైపు కొల్లేరు ఉంది కదా. చూశారా?"

చూశారు. ఆకివీడు రైల్లోంచి, కైకలూరు రోడ్డు మీదనుంచి, ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి స్కూలు బస్సులో. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దాన్లోకి వస్తాయి, ఉప్పుటేరు సముద్రంలోకి పోతుంది. 1999 అక్టోబరు 4న జీవో 120 ఇచ్చి, ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపలిదంతా అభయారణ్యం అన్నారు. 308 చదరపు కిలోమీటర్లు. ఆ గీత లోపల ప్రభుత్వ భూమే కాదు, తాతలనాటి జిరాయితీ పట్టాలూ ఉన్నాయి. 2006లో చేపల చెరువుల గట్లు పొక్లెయిన్లతో కొట్టేసిన రోజులు మీకు టీవీలో చూసినట్టు లీలగా గుర్తు.

"మీరిప్పుడు అక్కడ జూనియర్ సివిల్ జడ్జి. సాయంత్రం నాలుగున్నర. ఒక రైతు దావా వేశాడు. ఐదో కాంటూరు లోపల ఆరెకరాల చేపల చెరువు. జిరాయితీ పట్టా చూపిస్తున్నాడు. రేపు తెల్లవారి ఆరింటికి వచ్చి గట్టు కొట్టేస్తామని ఫారెస్టు వాళ్లు చెప్పి వెళ్లారట. అడ్వకేటు ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ అడుగుతున్నారు. ఇస్తారా, ఇవ్వరా?"

ఆ గది పోయింది. మీరు బెంచి మీద ఉన్నారు. ఎదురుగా బురద ఆరిన కాళ్లతో ఒక మనిషి. చెరువు నిండా చేప. పట్టుబడికి వచ్చిన చేప. అప్పు చేసి మేత వేసిన చేప. గట్టు తెగితే నీళ్లతో పాటు మొత్తం పోతుంది. మీ నోటినుంచి 'ఇస్తాను' అని రాబోతోంది.

ఆగండి.

ప్రశ్నలో మీకు చెప్పనిది ఏమిటో చూడండి. అడగడానికి భయపడకండి. జడ్జి పని సగం అడగడమే.

"ప్రభుత్వానికి సెక్షన్ 80 నోటీసు ఇచ్చారా సార్?"

"లేదు. టైమెక్కడిది?"

ప్రభుత్వం మీద దావా వేయాలంటే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. అత్యవసరమైతే సెక్షన్ 80లో రెండో ఉపసెక్షన్ ఒక కిటికీ తెరుస్తుంది. కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేయొచ్చు. "అనుమతి కోరుతూ పిటిషన్ వేశారా సార్?"

"వేశారు. మీరు అనుమతి ఇచ్చారు. ఇప్పుడు ఇంజంక్షన్?"

"ఇప్పుడే ఇవ్వలేను సార్. అదే ఉపసెక్షన్ కింద, ప్రభుత్వానికి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తాత్కాలిక ఉపశమనం కూడా ఇవ్వకూడదు."

"రేపు ఆరింటికి గట్టు పోతుంది."

"ప్రభుత్వ న్యాయవాది ఏజీపీగారికి ఇప్పుడే కాగితాలు ఇప్పిస్తాను సార్. ఐదున్నరకి వింటాను. అవసరమైతే రాత్రికైనా కూర్చుంటాను."

"సరే, అంతవరకు స్టేటస్ కో ఇవ్వొచ్చుగా?"

మెత్తగా అడిగారు. మంచి సలహాలా ఉంది. అవునంటే అందరికీ సంతోషం. గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంటుంది. 'స్టేటస్ కో' అన్నా తాత్కాలిక ఉపశమనమే కదా?

"అదీ ఇంటరిమ్ రిలీఫే అవుతుంది సార్. వినకుండా ఇవ్వలేను. వినడమే త్వరగా పెట్టుకుంటాను."

"సెక్షన్‌లో అలా ఉందంటారా?" మేడమ్ గొంతులో చిరాకు. "నేను చదివినదాంట్లో లేదే."

ఇక్కడే చాలామంది జారిపోతారు. హైకోర్టు న్యాయమూర్తి లేదంటే ఉందని ఎలా అంటారు? మొహం వేడెక్కుతుంది. చెవుల్లో హోరు. చదివిన పేజీ కళ్లముందు తెచ్చుకోండి. బేర్ యాక్ట్. మీ పెన్సిలు గీత. ఉంది. గొంతు పెంచకండి. తగ్గించకండి.

"నాకు గుర్తున్నంతవరకు ఉంది మేడమ్. పొరపాటైతే సరిదిద్దుకుంటాను. సెక్షన్ మళ్లీ చదివాకే ఉత్తర్వు రాస్తాను."

నిశ్శబ్దం. ఏసీ చప్పుడు.

"విన్నారు. ఏజీపీ వాదించారు. ఇప్పుడు?" పెద్దాయన మళ్లీ.

"మూడు చూస్తాను సార్. పైకి చూస్తే కేసు ఉందా, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ కష్టం, డబ్బుతో తీరని నష్టమా. వీటికి ముందు ఆ భూమి నిజంగా జిరాయితీయేనా, గీత లోపలా బయటా, అభయారణ్యంలో చెరువు తవ్వే హక్కు పట్టాతో పాటు వస్తుందా అన్నది. పట్టా ఉండటం వేరు, అక్కడ చేపల చెరువు వేయడం వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం చూడకుండా ఏ వైపూ చెప్పను."

"మీ బంధువులకి ఎవరికైనా కొల్లేరులో చెరువులున్నాయా?"

ఉన్నాయి. మేనమామ. కైకలూరు దగ్గర లీజుకి చేస్తాడు. పోయిన సంక్రాంతికి కూడా చేప పంపాడు. ఎవరికి తెలుస్తుంది?

మీకు తెలుసు.

"మా మేనమామ కైకలూరు దగ్గర లీజుకి చేస్తారు సార్. ఆయన కేసైతే నా దగ్గర ఉంచుకోను. రికార్డు మీద చెప్పి, వేరే కోర్టుకి మార్చమని జిల్లా జడ్జిగారికి రాస్తాను. ఊళ్లోవాళ్ల కేసైనా మా సంబంధం రెండు పక్షాలకీ ముందే చెప్తాను."

ఆయన ఒక గీత గీసుకున్నారు. మంచిదో చెడ్డదో తెలియదు.

"ఇంకొక్కటి." కుడి చివర న్యాయమూర్తి. ఇంతసేపూ ఎక్కువ మాట్లాడనాయన. "మీరు మేజిస్ట్రేటు కూడా. రాత్రి పదకొండు. మీ క్వార్టర్స్ ముందు పోలీసు జీపు. చెప్పండి, ఏం చేస్తారు."

జీపు ఇంజను ఆగలేదు. ఎస్సై కాగితాలు అందిస్తున్నాడు. సంతకం చేసేచోట పెన్సిలు టిక్కు పెట్టి ఉంది. వెనక ఒక కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయి. చెప్పులు లేవు. కుడికాలు నేలకి ఆనించడం లేదు.

"కేసేమిటి సార్?"

"బీఎన్ఎస్ 85. భార్యని వేధించాడు."

మూడేళ్లవరకు శిక్ష. ఏడేళ్లలోపు. అర్నేష్ కుమార్ తీర్పు, 2014. అరెస్టు ఎందుకు అవసరమైందో రాసి తేవాలి. "కారణాల చెక్‌లిస్టు ఉందా సార్? ముందు 35(3) నోటీసు ఇచ్చారా?"

"టిక్కులున్నాయి. అన్నిటికీ."

"టిక్కులు చాలవు సార్. ఈ కుర్రాడి విషయంలో ఏమిటో రాసి ఉండాలి."

"అరెస్టు సాయంత్రం ఆరింటికి అని ఉంది. కుర్రాడు నిన్న పొద్దున్నే పట్టుకెళ్లారంటున్నాడు."

ఇరవై నాలుగు గంటలు. రాజ్యాంగం 22వ అధికరణం.

"పోలీసుల్ని గేటు బయటికి పంపిస్తాను."

"ఎస్సై వెళ్లనంటున్నాడు. రేపు బందోబస్తు ఉంది, త్వరగా సంతకం చేయమంటున్నాడు."

"వెళ్లమంటాను. వెళ్లేదాకా కాగితం ముట్టను."

"వెళ్లాడు."

"కుర్రాణ్ని కూర్చోమంటాను. కాలు ఏమైందని అడుగుతాను. చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఎందుకు అరెస్టు చేశారో నీకు చెప్పారా అని అడుగుతాను. లీగల్ ఎయిడ్ అడ్వకేటుని పిలిపిస్తాను. ఇంట్లోవాళ్లకి తెలుసో లేదో కనుక్కుంటాను."

"చెప్పలేదంటున్నాడు. కొట్టారంటున్నాడు."

"డాక్టరు పరీక్షకి పంపిస్తాను. స్టేషన్ సీసీ కెమెరా రికార్డు భద్రం చేయమని ఉత్తర్వు ఇస్తాను."

"ఎస్పీగారు ఫోన్ చేస్తున్నారు."

"ఎత్తను."

"రిమాండు?"

అరచేతులు తడి. గొంతు ఆరింది. 2025 ఫిబ్రవరి, విహాన్ కుమార్ తీర్పు. అరెస్టు కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదు.

"ఇవ్వను సార్."

"వాడు నిజంగానే భార్యని కొట్టి ఉంటే?"

"అది విచారణలో తేలుతుంది సార్. ఆవిడకి రక్షణ కావాలంటే దానికి వేరే చట్టం ఉంది, వేరే ఉత్తర్వు ఇస్తాను. ఈ కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేను. కారణాలు రాసి తిప్పి పంపుతాను."

ఆయన మిగతావాళ్లవైపు చూశారు. ఎవరికీ ప్రశ్నల్లేవు. "వెళ్లొచ్చు."

లేవండి. ఫైలు జారిపోకుండా పట్టుకోండి. నమస్కారం పెట్టి, తలుపు మెల్లగా వేసి రండి. హాల్లో తలలన్నీ మీవైపు తిరుగుతాయి. పట్టిక వల్లె వేస్తున్నవాళ్లు ఏం అడిగారని కళ్లతోనే అడుగుతున్నారు. ఏమీ చెప్పకుండా నడవండి. చెప్తే వాళ్ల బుర్రలో ఉన్నది చెదిరిపోతుంది.

బయట ఫోన్ తీసుకోగానే రెండు మిస్డ్ కాల్స్. ఒకటి నాన్న, ఒకటి సీనియర్ మేడమ్. ముందు నాన్నకి చేయండి. ఆయన బాగా చెప్పావా అని అడుగుతారు. తర్వాత మేడమ్‌కి. ఆవిడ అలా అడగరు.

"ఏది రాలేదు?"

"356 మేడమ్. నంబరు."

"మిగతాది?"

"కొల్లేరు ఇంజంక్షన్ అడిగారు. 80(2) చెప్పాను. లేదన్నారు. ఉందన్నాను."

అవతల కాసేపు మాటలేదు. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"సరే. తిన్నావా? తిని బయల్దేరు. రేపు మన ఐ.ఏ. పిలుస్తారు. అవతలివాళ్లు ఇవాళ కౌంటర్ వేశారు, పదహారు పేజీలు. వాట్సాప్‌లో పెట్టాను. రాత్రికి మొత్తం చదివి రా."